కానరాని గాయము: హెర్మన్ ముల్లర్ జీవితము

1895వ సంవత్సరపు చివర రాంట్‌గెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనిన పిదప ముప్పది ఏండ్లపాటు లోకము ఆ కిరణములను చూచి ముచ్చటపడుచునే యుండెను. విరిగిన యెముకలను వైద్యులు కోయకయే చూడగలిగిరి. ముఖముపై నూగును రాల్చుకొనుటకై స్త్రీలు ఆ కిరణముల యెదుట కూర్చుండిరి. అమెరికాలోని చెప్పుల దుకాణములలో పిల్లల పాదములు క్రొత్త జోడులో చక్కగా ఇమిడినవో లేదో చూపుటకు సైతము ఎక్స్‌రే పెట్టెలు వెలసెను. ఈ కిరణములతో పనిచేసిన మొదటి తరము వైద్యులలో పలువురకు చేతులు పుండ్లుపడి, వ్రేళ్లు తీసివేయవలసి వచ్చి, కొందరికి ప్రాణములే పోయెను. కాని అది కంటికి కనబడు గాయము. చర్మము మానినచో గాయము మానినదనియే అందరును తలచిరి. నొప్పియైనను కలిగింపక, జీవకణములోని అతి సూక్ష్మమైన పోగులను తెంపి, ఏండ్ల పిదపనో తరముల పిదపనో బయటపడు గాయము మరియొకటి కలదని లెక్కలతో నిరూపించినవాడు హెర్మన్ జోసెఫ్ ముల్లర్.

ముల్లర్ 1890 డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. 1848 నాటి విప్లవము విఫలమైన పిమ్మట ఆయన పూర్వులు జర్మనీలోని రైను నదీప్రాంతమును విడిచి అమెరికా చేరినవారు. కంచుతో కళావస్తువులను పోతపోయుట వారి కుటుంబ వృత్తి. తండ్రి చిన్ననాడే కుమారుని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు తీసికొనిపోయి, గుర్రపు పాదము యుగయుగములలో మారివచ్చిన తీరును చూపెనట. బాలునకు ఇంకను పదియేండ్లు నిండకమునుపే, 1900లో, ఆ తండ్రి మరణించెను. తరువాత చదువంతయు తల్లి పెంపకమున, ఉపకారవేతనముల మీద, సెలవులలో చేసిన చిల్లర ఉద్యోగముల మీద సాగినది. బ్యాంకులో కాగితములు మోసెను; హోటలులో గుమాస్తాగా పనిచేసెను. ఉన్నత పాఠశాలలో నుండగనే తోడి విద్యార్థులతో విజ్ఞానసంఘము నొకదానిని స్థాపించెను. అట్టి సంఘములు పాఠశాలలలో అరుదుగానున్న కాలమది.

1907లో కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిన ముల్లర్, థామస్ హంట్ మోర్గాన్ ఆచార్యుని ప్రయోగశాల వైపు ఆకర్షింపబడెను. ఆ ప్రయోగశాలకు ఈగల గది యని పేరు. మాగిన అరటిపండ్లపై ముసురు చిన్న ఈగ, మన యిండ్లలో పండ్లబుట్ట చుట్టును తిరుగునట్టిదే, అచ్చట పాలసీసాలలో వేలకొలదిగా పెరుగుచుండెను. గ్రుడ్డు మొదలు రెక్కల ఈగ యగువరకు పది పండ్రెండు దినములు చాలును. ఏనుగులతోనో మనుష్యులతోనో నూరేండ్లకైనను తేలని వంశానుక్రమ రహస్యములు ఈ సీసాలలో ఒక్క యేడాదిలో తేలుచుండెను. క్రోమోజోములు అను పోగులమీద జన్యువులు పూసలవలె వరుసగా నున్నవని ఈ గదియందే స్థిరపడెను. 1915లో మోర్గాన్, స్టర్టెవాంట్, ముల్లర్, బ్రిడ్జెస్ అను నలువురి పేర్లతో వెలువడిన గ్రంథము జన్యుశాస్త్రమునకు పునాదిరాయి యైనది.

ఆ గదిలో ఊహలు అందరివియు కలసిపోవుచుండెను. తన ఊహలను ఇతరులు ప్రయోగములుగా మార్చి పేరు గడించుచున్నారని ముల్లర్‌కు మనసులో ముల్లు నాటుకొనెను. అందులో సత్యమెంతయో ఇప్పటికిని చరిత్రకారులు వాదించుచునే యున్నారు. ఆ ముల్లు మాత్రము ఆయనను జీవితాంతము బాధించెను. ఆరడుగులకు ఆరడుగులు ముందుగా చూచు బుద్ధి, తోడివారితో సర్దుకొనలేని స్వభావము, ఈ రెండును ఆయనయందు ఒక్కచోటనే కాపురముండెను.

1920 నుండి ముల్లర్ టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగర విశ్వవిద్యాలయమున బోధించెను. ఆయనను పట్టుకొనిన ప్రశ్న ఒక్కటే. ఎర్రకన్నుల ఈగల వంశములో ఉన్నట్టుండి ఒక తెల్లకన్నుల ఈగ పుట్టును. దాని సంతతికి ఆ లక్షణము సంక్రమించును. జన్యువునందు కలుగు ఇట్టి మార్పునకే ఉత్పరివర్తనమని పేరు. పరిణామమునకు ముడిసరుకు ఇదియే. కాని యిది లక్షలలో నొకటిగా మాత్రమే సంభవించును. ఏ కారణమున సంభవించునో, దానిని త్వరపరచుట సాధ్యమో కాదో యెవరికిని తెలియదు. ఎక్స్ కిరణములను ప్రయోగించి చూడవలెనను తలంపు ఇతరులకును కలిగినది, చూచినవారును కలరు. వారికి స్పష్టమైన ఫలితము దొరకలేదు. కారణమేమనగా, మార్పు జరిగినను దానిని పట్టుకొను వల వారివద్ద లేదు.

ముల్లర్ ఆ వలను ఏండ్ల తరబడి ఓర్పుతో అల్లెను. ఆయన గొప్పతనమంతయు కిరణములను ప్రయోగించుటలో కంటె ఈ వలలోనే యున్నదనుట తప్పు కాదు. ఉత్పరివర్తనములలో అధికభాగము కన్నురంగు మార్చునట్టివి కావు, ప్రాణము తీయునట్టివి. చచ్చినదానిని లెక్కించుట యెట్లు? ఆడు ఈగకు ఎక్స్ అను క్రోమోజోములు రెండు, మగ ఈగకు ఒకటి. ముల్లర్ ఒక ప్రత్యేకమైన ఎక్స్ క్రోమోజోమును సిద్ధపరచెను. అది యున్న ఆడు ఈగ కన్ను సన్నని పట్టీవలె నుండును గాన చూడగనే గుర్తింపవచ్చును. అది తన జంట క్రోమోజోముతో ముక్కలు మార్చుకొనదు. దానిని పొందిన మగ ఈగ బ్రదుకదు. ఇప్పుడు కిరణములు తగిలిన మగ ఈగకు అట్టి ఆడు ఈగను జతచేసినచో, పట్టీకన్నుల కూతుళ్లకు ఒక ఎక్స్ తల్లినుండి, రెండవది కిరణములు తగిలిన తండ్రినుండి వచ్చును. ఆ కూతుళ్లను ఒక్కొక్కదానిని ఒక్కొక్క సీసాలో ఉంచవలెను. వాని కొడుకులలో సగము తల్లి పట్టీ క్రోమోజోమును పొంది ఎట్లును చచ్చును. మిగిలిన సగము తాతగారి క్రోమోజోమును పొందును. ఆ క్రోమోజోములో కిరణములు ప్రాణాంతకమైన మార్పును కలిగించియున్నచో, సీసాలో మగ ఈగయే యుండదు. అంతే. సీసానెత్తి వెలుతురులో చూచుట, మగ ఈగ యున్నదా లేదా యనుట! కంటికి కనబడని గాయమునకు ఇంత సులభమైన సాక్ష్యమును కల్పించుట విజ్ఞానచరిత్రలో అరుదు.

1926 చివర ప్రయోగములు ప్రారంభమయ్యెను. మగ ఈగలు లేని సీసాలు ఒకదాని వెంట నొకటి బయటపడజొచ్చెను. గట్టి మోతాదు తగిలిన ఈగలలో ఉత్పరివర్తనములు సహజముగా కలుగువానికంటె సుమారు 150 రెట్లు హెచ్చెను. 1927 జూలైలో ఒక చిన్న వ్యాసమును, సెప్టెంబరులో బెర్లిను నగరమున జరిగిన జన్యుశాస్త్ర మహాసభలో లెక్కలన్నియు ముల్లర్ ప్రకటించెను. ఇంచుమించుగా అదే కాలమున స్టాడ్లర్ అను శాస్త్రజ్ఞుడు బార్లీ, మొక్కజొన్నలలో ఇట్టి ఫలితమునే స్వతంత్రముగా సాధించెను. ముందు ప్రకటించిన కీర్తి ముల్లర్‌కు దక్కెను.

కీర్తితో శాంతి రాలేదు. సంసారము చెదరుచుండెను, సహచరులతో పొరపొచ్చెములు, వామపక్ష విద్యార్థులు రహస్యముగా ప్రకటించిన పత్రికకు సాయపడినందున ప్రభుత్వపు నిఘా. 1932 జనవరిలో ఆయన నిద్రమాత్రలు మ్రింగి అడవిలోనికి పోయెను. మరునాడు వెదకి కనుగొనిరి, బ్రదికెను. ఆ యేడే బెర్లినులోని మెదడు పరిశోధన సంస్థకు పోయి, అచ్చట టిమోఫీఫ్ రెస్సోవ్‌స్కీతో కలసి పనిచేసెను. కొలది నెలలకే హిట్లరు అధికారమునకు వచ్చెను. ముల్లర్ అచ్చటినుండి సోవియట్ రష్యా చేరెను. వావిలోవ్ అను మహనీయుడు ఆయనకు లెనిన్‌గ్రాడులోను, పిమ్మట మాస్కోలోను ప్రయోగశాల నొసగెను.

మానవజాతిని జన్యుశాస్త్రము ద్వారా మెరుగుపరచవచ్చునను నమ్మకము ముల్లర్‌కు యౌవనమునుండి కలదు. పేదలను, నల్లవారిని తక్కువజాతి యని నిర్ణయించిన నాటి అమెరికా సుజాతివాదులను ఆయన 1932లో బహిరంగముగా ఖండించెను. అది ఆయనకు గౌరవము. కాని ఉత్తములని యెంచిన పురుషుల బీజమును తల్లులు స్వచ్ఛందముగా స్వీకరింపవలెనను తన పథకమును మాత్రము విడువలేదు. ఉత్తములెవరో నిర్ణయించువారెవరను ప్రశ్నకు ఆయన రచనలలో తృప్తికరమైన సమాధానము కనబడదు. 1936లో ఆ గ్రంథమును స్టాలినుకే పంపెను. స్టాలినునకు అది రుచింపలేదు. అదే డిసెంబరులో మాస్కోసభలో లైసెంకో యెదుట నిలిచి జన్యుశాస్త్రమును సమర్థించుట ముల్లర్ చేసిన సాహసము. ఆయన శిష్యులును మిత్రులునైన ఆగోల్, లెవిట్ అనువారలు నిర్బంధింపబడి, కాల్చి చంపబడిరి. 1940లో వావిలోవ్ నిర్బంధింపబడి 1943లో సరాటోవ్ చెరసాలలో కన్నుమూసెను.

ముల్లర్ 1937లో అంతర్యుద్ధముతో మండుచున్న స్పెయిను దేశమునకు పోయి, నార్మన్ బెథ్యూన్ స్థాపించిన రక్తదాన దళముతో కొలది వారములు పనిచేసి, ఎడింబరో చేరెను. క్రోమోజోము కొసలకు టెలోమియర్ అను పేరుపెట్టినది ఆ దినములలోనే, 1938లో. కిరణములచే తెగిన కొసలు అంటుకొనును గాని సహజమైన కొసలు అంటుకొనవని ఆయన గమనించెను. ఈ చిన్న పరిశీలనము ముందు చెప్పబోవు విషయమునకు మూలము. 1940లో తిరిగి అమెరికా చేరెను. చివరకు 1945లో ఇండియానా విశ్వవిద్యాలయమున స్థిరపడెను. డి.ఎన్.ఏ. స్వరూపమును తరువాత కనుగొనిన జేమ్స్ వాట్సన్ అచ్చట విద్యార్థిగా ఆయన పాఠములను వినెను.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీదను, 9న నాగసాకి మీదను అణుబాంబులు పడెను. మరుసటి యేడు నోబెల్ బహుమానము ముల్లర్‌కు లభించెను. ఇరువది యేండ్ల క్రిందటి ఈగల ప్రయోగమునకు లోకము హఠాత్తుగా చెవియొగ్గుటకు ఆ రెండు నగరముల బూడిద కూడ కారణమని చెప్పవలెను. వికిరణము ఎంత కొంచెమైనను దానికి తగినంత హాని కలదనియు, హానిలేని మోతాదు అనునది లేదనియు ఆయన బహుమాన సభలోనే చెప్పెను. అతి స్వల్పమైన మోతాదుల విషయమున ఈ వాదము ఇప్పటికిని చర్చలోనే యున్నది. అణుపరీక్షలకంటె ముందుగా ఆయన మందలించినది అజాగ్రత్తగా ఎక్స్‌రేలు తీయు వైద్యులను. వారికి అది నచ్చలేదు.

1955లో జెనీవా నగరమున అణుశక్తి శాంతియుత ప్రయోజనములపై ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగెను. దానికి అధ్యక్షుడు మన హోమీ భాభా. ముల్లర్ వ్రాసిన వ్యాసమును అమెరికా అణుశక్తి సంఘము సభలో చదువనీయలేదు. ఆయన ప్రేక్షకులలో కూర్చుండెను. ఆయన పేరు వినబడినపుడు సభ్యులు లేచి చప్పట్లు కొట్టిరి. అదే యేడు రసెల్, ఐన్‌స్టీనుల యుద్ధవ్యతిరేక ప్రకటనపై చేవ్రాలు చేసిన 11 మందిలో ఆయన యొకడు.

ఈ యేండ్లలోనే ముల్లర్ మరియొక విషయమును పట్టుకొనెను. అంతవరకు ఆయన చెప్పినది రాబోవు తరముల గాయము. కిరణములు తగిలిన దేహమునకే, ఆ తరమునందే, కలుగు హానికి మూలమేమి? రక్తము తరుగుట, ప్రేగులు చెడుట, గర్భస్థ శిశువు పెరుగుదల నిలుచుట, ఇవన్నియు జీవకణములోని క్రోమోజోములు తెగుటవలననే కలుగునని 1950 ప్రాంతమున ఆయన వాదించెను. తెగిన పోగులు తప్పుగా అంటుకొనును. కణము రెండుగా చీలునపుడు పోగులు సరిగా పంచబడవు. పిల్లకణములకు కావలసిన జన్యువులు అందక అవి చచ్చును. అందుచేతనే వడివడిగా చీలుచుండు కణములుగల అవయవములకు హాని యెక్కువ. చీలుచుండు, ఇంకను రూపు తేలని కణములే కిరణములకు త్వరగా లోబడునని బెర్గోనియే, ట్రిబోండో అను ఫ్రెంచి వైద్యులు 1906లోనే గ్రహించియుండిరి. దానికి ముల్లర్ కారణము చూపెను.

పెరుగుచున్న మెదడు ఈ వాదమునకు గట్టి పరీక్ష. బాంబులు పడిన దినమున తల్లి గర్భమునందున్న శిశువులలో ఇంచుమించు 1,600 మందిని వైద్యులు ఏండ్ల తరబడి పరీక్షించిరి. వారిలో 30 మందికి బుద్ధి తీవ్రముగా వికసింపలేదు. చాలమందికి తల చిన్నది. చిత్రమేమనగా, గర్భము యొక్క మొదటి ఏడు వారములలోపల వికిరణము తగిలినవారిలో ఈ హాని కనబడలేదు. 8 నుండి 15 వారముల మధ్య తగిలినవారిలో అది అత్యధికము. 16 నుండి 25 వారముల మధ్య తగిలినవారిలో కొంత తక్కువ. ఆ 8 నుండి 15 వారములలోనే మెదడునకు కావలసిన నాడీకణములు విస్తారముగా పుట్టి, పుట్టినచోటు విడిచి, మెదడు పైపొరకు పయనించును. (ఇప్పుడు ఛాతీకి తీయు ఒక మామూలు ఎక్స్‌రే చిత్రమువలన గర్భములోని శిశువునకు చేరునది మిక్కిలి స్వల్పము, దానికి భయపడి అవసరమైన చికిత్స మానుకొన నక్కరలేదు.)

ఇంతవరకు ముల్లర్ ఊహ సరిపోయినది. కాని 1950 దశకమున శామ్యూల్ హిక్స్ అను అమెరికా వైద్యుడు గర్భముతోనున్న ఎలుకలకు ఎక్స్ కిరణములు తగిలించి, పిండముల మెదడులను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా మరియొకటి కనబడెను. లేత నాడీకణములు కొలది గంటలలోనే కుప్పలుగా చచ్చుచుండెను. అందులో అనేకము ఇక చీలని కణములు. చీలుట మాని అప్పుడప్పుడే నాడీకణములుగా రూపు దిద్దుకొనుచున్నట్టివి. చీలునపుడు పోగులు సరిగా పంచబడక చచ్చునన్న వాదము చీలని కణములకెట్లు వర్తించును? గాయము క్రోమోజోములోనే యున్నను, మరణము వేరొక దారిన వచ్చుచున్నదని తేలినది.

ఆ దారి యేదో ముల్లర్ చూడలేదు. హృద్రోగముతో ఆయన 1967 ఏప్రిల్ 5న ఇండియానాపోలిస్ నగరమున మరణించెను. అయినను దాని జాడలు ఆయన జీవితకాలముననే వేరొకచోట కనబడుచుండెను. కోడి పిండములలో ఆరోగ్యముగా నున్న నాడీకణములే అసంఖ్యాకముగా చచ్చుటను హాంబర్గర్, రీటా లెవి మోంటల్చీని అను శాస్త్రవేత్తలు 1949లో ప్రకటించిరి. కావలసినదానికంటె ఎక్కువ పుట్టించి, అక్కరలేనివానిని తొలగించుట దేహము మెదడును కట్టు పద్ధతి. శిల్పి రాతిని చెక్కునట్లు! 1972లో కెర్, వైలీ, కరీ అను మువ్వురు వైద్యులు ఇట్టి మరణమునకు చెట్టునుండి ఆకులు రాలుట యను అర్థముగల గ్రీకు పదముతో ఎపోప్టోసిస్ అని పేరుపెట్టిరి. దెబ్బతిని పగిలిపోవు మరణము కాదిది. కణము తనంతట ముడుచుకొని, తనలోని డి.ఎన్.ఏ.ను తానే ముక్కలు చేసికొని, చిన్న చిన్న పొట్లములుగా విడిపోవును. పొరుగు కణములు ఆ పొట్లములను మ్రింగివేయును. ఇరుగుపొరుగునకు వాపులేదు, మంట లేదు. ఒక సన్నని క్రిమిలో పుట్టు 1,090 కణములలో సరిగా 131 ఈ విధముగా చచ్చుననియు, అందులో అధికభాగము నాడీకణములే యనియు లెక్కతేలినది.

కిరణములు ఈ సహజమైన యంత్రమునే త్రిప్పుచున్నవి. డి.ఎన్.ఏ. పోగు రెండు పేటలును తెగినపుడు ఆ తెగుటను ఏ.టి.ఎం. అను జన్యువునుండి పుట్టు ప్రోటీను కనిపెట్టును. అది పి53 అను మరియొక ప్రోటీనును మేల్కొల్పును. పి53 గాయపడిన కణమును ఆపి బాగుచేయించుటయో, చావుమని ఆజ్ఞాపించుటయో చేయును. చర్మములోని కణము అనేక పర్యాయములు మొదటి దారి త్రొక్కును. పెరుగుచున్న మెదడులోని లేత కణము మాత్రము సులభముగా రెండవ దారినే త్రొక్కును. పి53 లేని ఎలుక పిల్లల లేత నాడీకణములు కిరణములు తగిలినను ఆ విధముగా చావలేదు. 1998లో ఏ.టి.ఎం. లేని ఎలుకలయందును పెరుగుచున్న నాడీమండలములో ఇట్లే జరిగెనని వెల్లడియైనది. అనగా ఆ కణములను చంపినది కిరణము తగిలించిన దెబ్బ మాత్రమే కాదు. ఆ దెబ్బను చూచి కణము తీసికొనిన నిర్ణయము.

ముల్లర్ ఈగకు కూడ ఇందులో పాలు దక్కినది. 1994లో స్టెల్లర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ పండ్ల ఈగలోనే రీపర్, అనగా కోతకాడు, అను జన్యువును కనుగొనిరి. అది యున్న క్రోమోజోము భాగము లోపించిన ఈగ పిండములలో సహజముగా చావవలసిన కణములు చావక మిగిలిపోయెను. నాడీమండలమున అక్కరలేని కణములు నిలిచిపోయెను. ఎక్స్ కిరణములు తగిలించినను వానికి ఆ మరణము ప్రాప్తింపలేదు.

మనుష్యులలో ఏ.టి.ఎం. జన్యువు పాడైన బిడ్డలు కొందరు పుట్టుచుందురు. వారు చిన్ననాడు నడక నేర్తురు. నాలుగైదు ఏండ్లు దాటునప్పటికి కాళ్లు తడబడును. చిన్నమెదడు క్రమముగా క్షీణించును. వికిరణము వారికి ఇతరులకంటె మిక్కిలి ప్రమాదకరము. చావవలసినప్పుడు చావక మెదడులో మిగిలిపోయిన గాయపడిన కణములే పిమ్మట కూలుచున్నవేమో యని 1998 నాటి పరిశోధకులు ఊహించిరి. ఆ ఊహను పరీక్షించు పని ఇంకను సాగుచున్నది.